శుశ్రూష అనగా వినగోరుట
(నర్సింగు విద్యార్థినుల తరగతి మర్యాదను గూర్చిన ప్రసంగపాఠము)



ఢిల్లీ ఉద్యోగుల క్వార్టర్లలో నాలుగు తెలుగు కుటుంబములు కలిసికొన్నచోట పిల్లల చదువుల ప్రసక్తి రాకుండుట అరుదు. ఆ చదువులలో నర్సింగు కూడ ఒకటి. అందు చేరిన బాలిక మొదటి నెలలలో ఇంటికి తెచ్చు ఫిర్యాదు రక్తమును గూర్చియో, రాత్రి డ్యూటీని గూర్చియో ఉండునని తలిదండ్రులు తలంతురు. కాని పెక్కుసార్లు వచ్చునది వేఱొకటి. "నాన్నగారూ, పక్కవాళ్లు మాట్లాడుతూ ఉంటే పాఠం వినపడడం లేదు." దీనికి తండ్రి యిచ్చు జవాబు సిద్ధముగనే ఉండును. "వాళ్ల గొడవ నీకెందుకమ్మా, నీ చదువు నువ్వు చదువుకో."

ఇతర విద్యలకు ఈ జవాబు కొంతవరకు సరిపోవచ్చును. చరిత్ర పాఠములో తప్పిపోయిన వాక్యమును రాత్రి పుస్తకములో వెదకికొనవచ్చును. నర్సింగు విద్యకు మాత్ర మది చాలదు. ఎందుకు చాలదో, చాలనప్పుడు చేయదగిన దేమో విచారించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా ఆ విద్యయొక్క పేరును చూడవలెను. తెలుగువారు నర్సింగును శుశ్రూష యందురు. ఈ సంస్కృతపదము వినుట అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. కోరికను తెలుపు రూపము. కావున శుశ్రూష అనగా మొదటి అర్థము వినగోరుట. గురువు చెప్పునది వినగోరిన శిష్యుడు ఆయన చెంత నిలుచును. నిలిచినవాడు నీళ్లు తెచ్చును, చెప్పిన పని చేయును. అట్లు వినగోరుట అను మాటయే క్రమముగా సేవ అను అర్థమును పొందినది. తరగతిలో వినుటయు, వార్డులో సేవించుటయు రెండు వేఱు పనులని నేడు తోచవచ్చును గాని, భాషకు మాత్రము ఆ రెండును ఒక్కటే.

చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునికి కావలసిన నాలుగు గుణములలో మొట్టమొదట లెక్కింపబడినది ఉపచారజ్ఞానము. దక్షత, అనురాగము, శుచిత్వము దాని వెనుక వచ్చినవి. దయగల హృదయము ఉన్నంతమాత్రమున చాలదనియు, ఎఱుక దానికి తోడు కావలెననియు ప్రాచీనులకు తెలియును.

ఆ ఎఱుకను చాలకాలము వార్డులలోనే, పెద్ద నర్సుల వెంట తిరిగి సంపాదించెడివారు. భారతదేశములో నర్సింగునకు విశ్వవిద్యాలయపు డిగ్రీ చదువు 1946లో, ఢిల్లీలోను వెల్లూరులోను ఆరంభమైనది. ఢిల్లీ కళాశాల తరువాతి కాలమున స్వతంత్రభారతపు తొలి ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృతకౌర్ పేరు ధరించినది. అచ్చట 1959లో పైడిగ్రీ చదువును మొదలైనది. ఇట్లు శుశ్రూష తరగతిగదిలోనికి వచ్చినది. తరగతిగదికి సహజమైన చిక్కులును దానితో వచ్చినవి.

ఆ గదిలో జరుగు పాఠము ఎట్టిదో ఒక ఉదాహరణముతో తెలియును. ఇన్సులిన్ మందు సీసాలు ఈ దేశమున సాధారణముగా రెండు బలములలో దొరకును. ఒక సీసాలో మిల్లీలీటరునకు 40 యూనిట్లు, మఱియొకదానిలో 100 యూనిట్లు ఉండును. మొదటిదానికి ఎఱ్ఱమూత సిరంజి, రెండవదానికి నారింజరంగు మూత సిరంజి. 20 యూనిట్లు ఇమ్మని వైద్యుడు వ్రాసినాడనుకొందము. 100 బలముగల మందును పొరపాటున ఎఱ్ఱమూత సిరంజిలో 20వ గీతవఱకు తీసినచో, అందు వచ్చునది అర మిల్లీలీటరు. అనగా 50 యూనిట్లు. ఈయవలసినదానికి రెండున్నర రెట్లు. రక్తములోని చక్కెర పడిపోయి రోగికి స్పృహ తప్పవచ్చును, ప్రాణమే పోవచ్చును. ఈ హెచ్చరికను చెప్పుటకు ఉపాధ్యాయినికి అర నిమిషము పట్టదు. ఆ అర నిమిషములోనే ప్రక్క బల్లపై ఎవరిదో పెండ్లి ఫోటో చేతులు మారుచుండవచ్చును.

రక్తపుపోటు కొలుచుట ఇంకొక ఉదాహరణము. 1905లో కొరొట్కాఫ్ అను రష్యా శస్త్రవైద్యుడు తెలిపిన పద్ధతి ఇది. దండచేతికి పట్టీ చుట్టి, గాలి నింపి, మోచేతి మడతపై స్టెతస్కోపు నుంచి, గాలిని మెల్లగా వదలవలెను. మొదట వినబడిన చప్పుడు పై సంఖ్య. చప్పుడు మాయమైనచోటు క్రింది సంఖ్య. విద్యార్థినులు దీనిని ఒకరి చేతిపై ఒకరు అభ్యసింతురు. గదిలో కలకలము ఉన్నచో సన్నని తొలి చప్పుడు చెవికి చిక్కదు. పై సంఖ్య ఉన్నదానికంటె తక్కువగా వ్రాయబడును. పోటు ఎక్కువగా ఉన్న మనిషికి ఏమియు లేదని చెప్పి ఇంటికి పంపిన ట్లగును. ఇచ్చట నిశ్శబ్దము ఉపాధ్యాయిని గౌరవమునకై కోరునది కాదు. స్టెతస్కోపువలె అదియు ఒక పనిముట్టు.

ఇక తరగతికి అంతరాయము కలిగించువారి సంగతి. వారిని అందఱిని ఒక్కగాట కట్టుట న్యాయము కాదు.

ఢిల్లీలో ఒక నర్సింగు తరగతి యన్న కేరళము, హర్యానా, రాజస్థానము, మణిపురము, ఆంధ్రము, తెలంగాణము ఒకే గదిలో కూర్చున్నట్లు ఉండవచ్చును. బోధన ఆంగ్లములో జరుగును. పదవ తరగతివఱకు తెలుగులో చదివి వచ్చిన బాలికకు మొదటి ఏడు ఆ వేగము అందదు. ఆమె ప్రక్కనున్న తెలుగు బాలిక మోచేతిని పొడిచి, "ఏమన్నారే?" యని అడుగును. ఆమె చెప్పును. చెప్పుచుండగా తరువాతి వాక్యము ఇద్దఱికిని పోవును. ముందు వరుసలోని మలయాళ బాలికకు అర్థము కాని గుసగుస చెవిలో తేనెటీగవలె తిరుగును. ఇచ్చట అల్లరిపిల్ల ఎవరు? అడిగినది అక్కఱ కొలది అడిగినది. చెప్పినది స్నేహముకొలది చెప్పినది. అయినను ముగ్గురికి పాఠము చెడినది.

వేఱొకతె వెనుక బల్లపై కునుకుచుండును. ఆమె రాత్రియంతయు వార్డులో నిలిచి వచ్చినది కావచ్చును. ఇంకొకతె తోటి విద్యార్థిని ఉచ్చారణకు నవ్వును. నవ్వబడినది మఱి ప్రశ్న యడుగదు. అడుగని ప్రశ్న వార్డులో పొరపాటుగా తేలవచ్చును. బొమ్మరోగిపై ఉపాధ్యాయిని ఒక ప్రక్రియ చూపుచున్నపుడు పొడుగైనవారు ముందు నిలిచి పొట్టివారికి చూపు అడ్డుదురు. సెల్‌ఫోనును గూర్చి వేఱుగా చెప్పనక్కఱలేదు. దానికి నోరు కట్టినను వెలుగు కట్టబడదు. వీనిలో నిజముగా మర్యాద లేనివి కొన్ని. మర్యాద తెలియనివి కొన్ని. కష్టములో ఉన్నవి కొన్ని. ఏది యేదో తెలిసికొన్న పిమ్మటనే మందు వేయవలెను.

ఆ మందును చిన్నమోతాదుతో ప్రారంభించుట మేలు. తొలుత చోటు మార్చుకొనవలెను. ముందు వరుసలో కూర్చున్నవారికి సగము బాధ తీరును. తీరనిచో ఆ సహాధ్యాయినితోనే మాట్లాడవలెను. అందఱి యెదుట కాదు, తరగతిలో కాదు. భోజనపు వేళ ఒంటరిగా మాట్లాడవలెను. "నువ్వెప్పుడూ అల్లరే" యన్నచో తగవు పెరుగును. "నువ్వు మాట్లాడితే నాకు మేడమ్ మాట వినపడడం లేదు" అన్నచో జరిగినదే చెప్పినట్లగును. దానికి కోపపడుట కష్టము. తెలుగు నేస్తమునకు మాత్రము ఇంకొక మాట కలుపవలెను. "క్లాసయ్యాక ఇద్దరం కూర్చుని చదువుకుందామే. ఇప్పుడు నేను వినకపోతే నీకు చెప్పడానికి నా దగ్గరేమీ మిగలదు." స్నేహము చెడకుండ చెవిని కాపాడు మాట యిది. ఆ సాయంకాలము నిజముగా కూర్చుండి చెప్పవలెను. లేనిచో అది తప్పించుకొను మాటయే యగును.

అర్థము కానిచో ప్రక్కవారిని గుసగుసగా అడుగుటకంటె చేయి యెత్తి ఉపాధ్యాయినిని బిగ్గఱగా అడుగుట మర్యాద. గుసగుస ఒక్కరికి ఉపకారము, పదిమందికి అపకారము. బహిరంగముగా అడిగిన ప్రశ్న, అడుగ వెఱచిన మఱి పదిమందికి కూడ జవాబు తెచ్చును. ఆంగ్లము తడబడినను తప్పులేదు. వార్డులో సంశయము కలిగినపుడు వైద్యుని, "అయ్యా, ఈ మోతాదు సరియేనా?" యని అడుగవలసిన నోరు, తరగతిలోనే తెఱుచుకొనుట నేర్వవలెను.

ఇంతవఱకు చేసినను ఫలింపనిచో తరగతి ప్రతినిధితోను, పిమ్మట ఉపాధ్యాయినితోను చెప్పవలెను. అది చాడీ కాదు. కార్యాలయములలో పనిచేయు పెద్దలకు ఈ క్రమము తెలియనిది కాదు: ముందు నోటిమాట, తరువాత పై అధికారి, అవసరమైనచో కాగితము. ఆ కాగితములో వ్యక్తి స్వభావమును వర్ణింపరాదు. జరిగినదానిని మాత్రమే వ్రాయవలెను. ఏ పాఠములో, ఎన్నిసార్లు, దానివలన ఏమి తప్పినది, ఇంతే చాలును. రోగి స్థితిని చార్టులో వ్రాయు పద్ధతియు ఇదియే గనుక ఆ అభ్యాసమును వ్యర్థము కాదు.

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని సామెత. నర్సునకు తరగతి యిల్లు, వార్డు రచ్చ. ఫ్లారెన్సు నైటింగేల్ 1859లో నర్సింగును గూర్చి వ్రాసిన చిన్న పుస్తకములో చప్పుడును గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయము పెట్టినది. గట్టి చప్పుడుకంటె, రోగి చెవి నిక్కించి వినవలసిన గుసగుస ఎక్కువ హాని యని ఆమె అభిప్రాయము. తలుపు వెలుపల నిలిచి మెల్లగా మాట్లాడుకొను వైద్యులను, బంధువులను ఆమె తప్పుపట్టినది. గరగరలాడు పట్టుబట్టలను గూడ విడువలేదు. తరగతిలో గుసగుస అలవాటైనవారు వార్డు గడప దాటగానే దానిని విడిచిపెట్టుదురని నమ్ముట కష్టము.

తెలుగువారు ఇంకొక విషయమును జ్ఞాపకముంచుకొనవలెను. ఢిల్లీలో తెలుగు ఎవరికి తెలియునను ధైర్యముతో మంచము ప్రక్కనే రోగిని గూర్చి తెలుగులో మాట్లాడుకొనుట జరుగవచ్చును. ఇచ్చటి పెద్ద ఆస్పత్రులకు తెలుగుదేశమునుండి రోగులు రాకపోలేదు. ఆ మంచముపై పడుకొన్నది శ్రీకాకుళమునుండి వచ్చిన ముసలమ్మ యైనచో, ఊరుగాని ఊరిలో చెవిని పడిన తొలి తెలుగుమాట తన రోగమును గూర్చిన వ్యాఖ్య యగును. అదే నోటినుండి "ఎలా ఉన్నావమ్మా?" అను మాట వినబడినచో ఆమెకు సగము బలము వచ్చును. భాష గోడ కాదు, వంతెన కావలెను.

కేంద్రప్రభుత్వము 2000లో చేసిన ధ్వని కాలుష్య నియమములు ఈ సందర్భమున గమనింపదగినవి. ఆస్పత్రులు, విద్యాలయములు, న్యాయస్థానములు, వీని చుట్టును 100 మీటర్లకు తక్కువ కాని ప్రదేశమును నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చునని ఆ నియమములు చెప్పును. అట్టి మండలమున ధ్వని పగటివేళ 50, రాత్రివేళ 40 డెసిబెళ్లను మించరాదు. రోగిపడకను, విద్యార్థి బల్లను చట్టమే ఒక వరుసలో కూర్చుండబెట్టినది. నర్సింగు విద్యార్థిని ఆ రెండింటికిని చెందినది. వీధిలోని హారను మోతను ఆమె ఆపలేదు. తన బల్లపైని మోతను ఆపగలదు.

ఈ చదువులో పాఠములకు నూటికి 80 వంతుల హాజరు ఉండవలెనని భారత నర్సింగు మండలి నియమము. రిజిష్టరులో మనిషి హాజరు పడును. చెవి హాజరు పడదు. దానిని చూడవలసినవారు ఆ విద్యార్థినియు, ఆమె యింటివారును. తలిదండ్రులు సాయంకాలము మార్కులు అడుగుటకు ముందు, "ఇవాళ ఏం విన్నావమ్మా?" యని అడిగి, ఆమె చెప్పునది టెలివిజను కట్టివేసి వినవలెను. ప్రక్కవారి గొడవ నీకెందు కని చెప్పు తండ్రి, ఆ గొడవను మర్యాదగా ఆపు మార్గమును గూడ చెప్పవలెను. రేపు అర్ధరాత్రి వార్డులో ఇరువురు బంధువులు కేకలు వేసికొనుచుండగా, వారిని నొప్పింపక శాంతింపజేయవలసినది ఆ అమ్మాయియే. ఆ సమయమున మూలనున్న మంచమునుండి సన్నగా "సిస్టర్" అను పిలుపు వచ్చును. అది వినుటకే ఇన్నేండ్ల చదువు.