పాత పెట్రోల్ ఎస్‌యూవీకి స్పార్క్ ప్లగ్‌లు: ఆటోనగర్‌లో ఏం అడగాలి, ఏం చూసి కొనాలి

ఇవాళ స్పార్క్ ప్లగ్‌ల గురించి మాట్లాడుకుందాం. పదేళ్ళు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ ఎస్‌యూవీ ఉన్నవాళ్ళకి, సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చూస్తున్నవాళ్ళకి ఈ ఎపిసోడ్.

ముందు ఒక్క మాట. మన ఎన్టీఆర్ జిల్లాలో ఎస్‌యూవీ అంటే నూటికి తొంభై మందికి గుర్తొచ్చేది క్వాలిస్, బొలెరో, స్కార్పియో. అవి డీజిల్ బళ్ళు. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. ఒత్తిడికి గాలి వేడెక్కి, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. దాంట్లో ఉండేది గ్లో ప్లగ్, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వేడి చేసి పెట్టడానికి. రెండూ వేరు. కాబట్టి మీది డీజిల్ అయితే ఈ వీడియో పక్కింటి వాళ్ళకి పంపించండి. పాత సీఆర్-వీ, జిప్సీ, పెట్రోల్ డస్టర్, పెట్రోల్ ఎకోస్పోర్ట్, వీళ్ళు మాత్రం కూర్చోండి.

మా పటమట వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. ఇంట్లోంచి బయటికొస్తే ఆటోనగర్. దొరకని పార్ట్ ఉండదు అంటారు, దాదాపు నిజమే. కానీ ఇబ్బంది కూడా అక్కడే. కౌంటర్ దగ్గరికెళ్ళి "అన్నా, సీఆర్-వీకి ప్లగ్‌లు కావాలి" అనగానే "ఎలాంటివి కావాలి? 150వీ ఉన్నాయి, 800వీ ఉన్నాయి" అంటాడు. అక్కడ మనం తెల్లమొహం వేస్తే, ఆయన చేతికి ఏది అందితే అది మన ఇంజిన్‌లోకి వెళ్తుంది. ఆయన తప్పు కాదండి, వెనకాల ఇంకో పది మంది నిలబడి ఉంటారు.

మా నాన్నగారి వయసు మెకానిక్‌లు కొంతమంది ఇప్పటికీ స్పార్క్ ప్లగ్ అనరు, మైకో ప్లగ్ అంటారు. బెంగళూరు మైకో కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్ అని పేరు మార్చుకుంది. ఆ రోజుల్లో అంబాసిడర్‌కి, స్కూటర్‌కి ప్లగ్ అంటే అదే, పెద్దగా ఎంచుకునేది ఉండేది కాదు. ఇప్పుడు అలా కుదరదు.

ఎందుకంటే ప్లగ్ మీద రాసిన ఆ నంబర్ ఉత్త పేరు కాదు, పూర్తి స్పెసిఫికేషన్. ఉదాహరణకి ఎన్‌జీకే వాళ్ళ బీపీఆర్6ఈఎస్ తీసుకోండి. బీ అంటే మర 14 మి.మీ. పీ అంటే లోపలి పింగాణీ కొంచెం ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుందని. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని. 6 అంటే హీట్ రేంజ్. ఈ అంటే మర పొడవు 19 మి.మీ. చివర్లో 11 అని ఉంటే గ్యాప్ 1.1 మి.మీ. నేను సాఫ్ట్‌వేర్ చేసే రోజుల్లో లైబ్రరీ వెర్షన్‌లో ఒక్క అంకె తేడా వస్తే బిల్డ్ పగిలేది. ఇక్కడ ఒక్క అక్షరం తేడా వస్తే పగిలేది ఇంకోటి. మర పొడవు ఎక్కువైన ప్లగ్ వేశారనుకోండి, పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికి తగలొచ్చు. పొట్టిది వేస్తే హెడ్‌లో మిగిలిన మరల మీద కార్బన్ పట్టేస్తుంది, తర్వాత సరైన ప్లగ్ కూడా ఎక్కదు.

ఇప్పుడు హీట్ రేంజ్. దీని గురించి మన దగ్గర చాలా అపోహలున్నాయి. "విజయవాడ ఎండలండి, 45 డిగ్రీలు, కోల్డ్ ప్లగ్ వేసుకోండి" అని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆలోచించండి. ప్లగ్ కొన పనిచేసేది సుమారు 450 నుంచి 870 డిగ్రీల మధ్య. 450కి కింద ఉంటే దాని మీద పట్టిన మసి అదే కాలిపోదు. 870 దాటితే స్పార్క్ రాకముందే ఆ కొన వేడికే పెట్రోల్ అంటుకుంటుంది, పిస్టన్‌కి చిల్లు పడే ప్రమాదం ఉంది. ఇంత పెద్ద లెక్కలో బయట గాలి 30 ఉందా 45 ఉందా అన్నది కంపెనీ వాళ్ళు ముందే చూసుకున్న విషయం. మనం కోల్డ్ ప్లగ్ వేసి, బెంజ్ సర్కిల్ నుంచి పటమట దాకా ఫస్ట్ గేర్, సెకండ్ గేర్‌లో నడిపితే ప్లగ్ వేడెక్కదు, నల్లగా మసి పట్టి మిస్ కొట్టడం మొదలవుతుంది. ఈ20 పెట్రోల్ వచ్చింది కదా, ప్లగ్ మార్చాలా అని కూడా అడుగుతున్నారు. దానికోసం హీట్ రేంజ్ మార్చక్కర్లేదు. మాన్యువల్‌లో ఉన్నదే వేయండి.

ఇంకో తిరకాసు ఉంది. ఎన్‌జీకేలో, డెన్సోలో అంకె పెరిగితే ప్లగ్ కోల్డ్. బాష్‌లో, ఛాంపియన్‌లో అంకె పెరిగితే హాట్. పూర్తిగా ఉల్టా. ఎన్‌జీకే 6కి డెన్సోలో దగ్గరిది 20, బాష్‌లో దాదాపు 7. అందుకని "6 నంబర్ ప్లగ్ ఇవ్వండి, ఏ కంపెనీ అయినా పర్లేదు" అని మాత్రం అనకండి. కంపెనీ మారిస్తే కన్వర్షన్ చార్ట్ చూసి పూర్తి కోడ్ అడగండి.

సరే, 150దా, 800దా? మామూలు నికెల్ ప్లగ్ మధ్య ఎలక్ట్రోడ్ లావుగా, 2.5 మి.మీ. ఉంటుంది. ఇరిడియంది సన్నగా, 0.6 మి.మీ. అటూ ఇటూ. కొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజ్‌కే స్పార్క్ దూకుతుంది, ఇరిడియం గట్టిది కాబట్టి త్వరగా అరగదు. నికెల్‌వి ఇంజిన్‌ని బట్టి ఒక 20 నుంచి 40 వేల కిలోమీటర్లు, ఇరిడియంవి లక్ష దాకా వస్తాయి. లెక్క వేద్దాం. నాలుగు సిలిండర్లు. నికెల్ 600 రూపాయలు, 90 వేల కిలోమీటర్లలో మూడుసార్లు మారిస్తే 1800, పైన మూడుసార్లు లేబర్. ఇరిడియం 3200, ఒక్కసారి లేబర్. పెద్ద తేడా లేదు. మరి తేడా ఎక్కడ? ప్లగ్ అరిగి గ్యాప్ పెరిగేకొద్దీ కాయిల్ మీద లోడు పడుతుంది. ఒక్క కాయిల్ పోతే ప్లగ్‌ల సెట్ ఖరీదు దాటేస్తుంది. మన మనిషి నికెల్ వేసి, 30 వేలకి మార్చడం మర్చిపోయి, 60 వేలు నడిపేస్తాడు. అక్కడ పోతాయి డబ్బులు.

కాబట్టి నా మాట ఏంటంటే, బండికి ఫ్యాక్టరీ నుంచి ఇరిడియం వస్తే ఇరిడియమే వేయండి. నికెల్‌తో వచ్చిన జిప్సీకి ఇరిడియం వేసి "పికప్ పెరిగింది" అనుకోవడం, అది మనసుకి తృప్తి, అంతే. అరిగిపోయిన ప్లగ్ తీసి ఏ కొత్త ప్లగ్ వేసినా పికప్ పెరిగినట్టే ఉంటుంది.

కొన్ని పాత ఇంజిన్లలో రెండు సిలిండర్లకి కలిపి ఒకే కాయిల్ ఉంటుంది. అందులో సగం ప్లగ్‌లకి కరెంట్ ఉల్టా దిశలో దూకుతుంది, కింద వంగి ఉండే ఎలక్ట్రోడ్ కూడా అరుగుతుంది. అలాంటి బండికి రెండు వైపులా ప్లాటినం గానీ ఇరిడియం గానీ ఉన్న ప్లగ్ కావాలి, ఒక్క వైపు ఉన్నది డబ్బు దండగ.

డూప్లికేట్‌ల సంగతి. పింగాణీ మీద అచ్చు మసకగా ఉన్నా, వాషర్ చేత్తో లాగితే ఊడొచ్చినా, వంగిన ఎలక్ట్రోడ్ మధ్య కొనకి సూటిగా లేకపోయినా వెనక్కి ఇచ్చేయండి. మల్టీమీటర్ ఉంటే ఇంకా సులువు. కోడ్‌లో ఆర్ ఉన్న ప్లగ్‌కి పైనుంచి కొన దాకా రెసిస్టెన్స్ కొలిస్తే సుమారు 5 కిలో ఓమ్‌ల దగ్గర రావాలి. 3 వచ్చినా, 7 వచ్చినా కంగారు లేదు. సున్నా వచ్చిందంటే లోపల రెసిస్టర్ లేదు, కోడ్ అబద్ధం. రెసిస్టర్ లేకపోతే ఎఫ్ఎం గరగరలాడటమే కాదు, ఈసీయూ సెన్సార్లకి కూడా ఆ నాయిస్ వెళ్తుంది. బిల్లు తీసుకోండి. బిల్లు అడిగితే మొహం మాడ్చుకునే షాపులో ప్లగ్ కొనకండి.

ఇప్పుడు అసలు భాగం, నాకు ఇష్టమైంది. తీసిన పాత ప్లగ్‌లు పారేయకండి. సిలిండర్ వరసలో 1, 2, 3, 4 అని పేపర్ మీద పెట్టండి. అది మీ ఇంజిన్ లాగ్ ఫైల్. లేత గోధుమ రంగు ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. పొడి నల్లమసి ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. తడిగా, జిడ్డుగా నలుపుంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా, పింగాణీ మీద బొబ్బల్లా ఉంటే వేడెక్కిపోతోంది, రేడియేటర్ వైపు చూడండి. మూడు బాగుండి ఒక్కటే నల్లగా ఉంటే సమస్య ఆ సిలిండర్‌ది. స్కానర్‌లో పీ0302 వస్తే రెండో సిలిండర్ మిస్ కొడుతోందని అర్థం, దాన్ని ఈ ప్లగ్‌తో పోల్చి చూసుకోవచ్చు. మిస్ కొడుతున్న బండిని అలాగే నడపకండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది. కన్వర్టర్ ఎర్రగా కాలుతుంది. అలాంటి బండిని కళ్ళంలో వరిగడ్డి మీద ఆపారంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ఇది వినండి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయో మనందరం చూశాం. సీట్ కవర్లు మార్చేస్తారు, కార్పెట్ మార్చేస్తారు. ప్లగ్ గుంటలోకి ఎవరూ తొంగి చూడరు. మీరు చూడండి. కాయిల్ తీసి టార్చ్ వేస్తే గుంట అడుగున ఒండ్రు మట్టి, ప్లగ్ ఇనుము మీద తుప్పు ఉంటే బేరం అక్కడే ఆపండి. నాలుగు ప్లగ్‌లూ తళతళలాడే కొత్తవైతే "ఎప్పుడు మార్చారండి, పాతవి ఏవి?" అని అడగండి. జవాబు చెప్పే తీరులోనే చాలా తెలుస్తుంది. గుంటలో నీళ్ళు కాకుండా ఆయిల్ ఉంటే అది వాల్వ్ కవర్ సీల్ పోవడం, మామూలు రిపేరే, రేటు తగ్గించుకోవచ్చు.

మీ బండే మునిగితే స్టార్ట్ చేయొద్దు. నీళ్ళు గాలిలాగా నలగవు. సిలిండర్‌లో నీళ్ళుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ తీసేసి షెడ్డుకి లాగించండి. వాళ్ళు ముందు ప్లగ్‌లన్నీ విప్పి నీళ్ళు బయటికి పంపి, ఆయిల్ మార్చి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి.

ఆఖరుగా బిగించడం. ఇంజిన్ చల్లారాక విప్పండి, హెడ్ అల్యూమినియం. విప్పే ముందు గుంటలో గాలి కొట్టించండి, దుమ్ము లోపల పడకూడదు. కొత్త ప్లగ్‌ని పానాతో కాదు, ఎక్స్‌టెన్షన్ రాడ్ పట్టుకుని వేళ్ళతో తిప్పండి. రెండు మూడు చుట్లు సాఫీగా దిగకపోతే మర అడ్డం ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీయండి. వాషర్ ఉన్న కొత్త ప్లగ్ వేళ్ళతో బిగిసిన తర్వాత పానాతో అర చుట్టు, మహా అయితే ముప్పావుకి కొంచెం తక్కువ. వాషర్ లేకుండా కోన్ సీట్ ఉన్నదైతే పదహారో వంతు చుట్టు చాలు. టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లో ఉన్న అంకె. గ్రీజు, యాంటీ సీజ్ లాంటివి మరలకి పూయొద్దు, జారుడుకి తెలియకుండా ఎక్కువ బిగిసిపోతుంది. ఇరిడియం గ్యాప్‌ని నాణెంతో, స్క్రూడ్రైవర్‌తో సరిచేయొద్దు, కొన విరుగుతుంది. గరుకు కాగితంతో గీకడం కూడా వద్దు. అది నాన్నగారి స్కూటర్‌కి పనికొచ్చిన విద్య.

మర చెడిపోతే హెడ్ విప్పి ఇన్సర్ట్ వేయించాలి, 600 రూపాయల పని వేలల్లోకి వెళ్తుంది. "గట్టిగా బిగించన్నా" అని మెకానిక్‌కి చెప్పేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. ఆ మాట మానేయండి.

మీ బండి మోడల్, సంవత్సరం, మాన్యువల్‌లో ఉన్న ప్లగ్ కోడ్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకుని ఆటోనగర్ వెళ్ళండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇగ్నిషన్ కాయిల్ పోయిందో లేదో ఇంట్లోనే ఎలా చూసుకోవాలో చేసి చూపిస్తాను. ఉంటానండి.