సముద్రంలో పోసిన మట్టికి రోల్‌బ్యాక్ ఉంటుందా? జకార్తా దీవుల కథ

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఏదైనా తప్పు కోడ్ లైవ్‌లోకి వెళ్తే రోల్‌బ్యాక్ చేసేవాళ్ళం. పాత వెర్షన్ మళ్ళీ వచ్చేస్తుంది. మరి ప్రభుత్వం సముద్రాన్ని పూడ్చుకోమని సంతకం పెట్టేశాక? ఇవాళ ఇండోనేషియా రాజధాని జకార్తా కథ చూద్దాం.

1995లో అధ్యక్షుడు సుహార్తో జకార్తా అఖాతం పూడ్చివేతకు ఆదేశం ఇచ్చారు. తర్వాత అది 17 కృత్రిమ దీవుల ప్లాన్ అయింది. ఎక్కువ భాగం ప్రైవేటు డెవలపర్లకే.

మొదటి గొడవ డబ్బు దగ్గర. గవర్నర్ అహోక్, అమ్మకానికి వచ్చే భూమి విలువలో 15 శాతం నగరానికి కట్టాలన్నారు. డెవలపర్లకు 5 శాతం చాలు. 2016లో ఒక పెద్ద డెవలపర్ కంపెనీ అధిపతి, నగర కౌన్సిల్ సభ్యుడికి లంచం ఇచ్చిన కేసులో అరెస్టయ్యి, జైలుకెళ్ళాడు. ఆలోచించండి, ఒక్క శాతం అంకె కోసం ఇంత!

అదే ఏడాది మత్స్యకారులు జి దీవి పర్మిట్ మీద కోర్టుకెళ్ళి గెలిచారు కూడా. కానీ కొన్ని నెలలకే పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది.

తర్వాత అనీస్ బస్వేదాన్, పూడ్చివేత ఆపేస్తానని హామీ ఇచ్చి గవర్నర్ అయ్యారు. 2018 సెప్టెంబర్‌లో 13 దీవుల పర్మిట్లు రద్దు చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. అయితే అప్పటికే 4 దీవులు లేచిపోయాయి. వాటిని తవ్వి తీసేయలేరు కదా!

ఇక్కడే అసలు ట్విస్ట్. రద్దయిన పర్మిట్ల కోసం డెవలపర్లు కోర్టుకెక్కారు. 2019లో హెచ్ దీవి కంపెనీ కింది కోర్టులో గెలిచింది. అదే ఏడాది, తాను సీల్ వేసిన డి దీవిలోని 900కు పైగా కట్టడాలకు అనీస్ ప్రభుత్వమే అనుమతులిచ్చింది. ఎందుకంటే, అవి పాత గవర్నర్ నిబంధన ప్రకారం కట్టినవి, వెనక్కెళ్ళి కాదనలేం అన్నారు.

అంటే గవర్నర్ మారినా, పాత సంతకం బతికే ఉంటుంది. డెవలపర్ చేతిలో కాగితం ఉంది, దాంతో కోర్టు మెట్లెక్కగలడు. మరి మువారా ఆంగ్కేలో తాతల నాటి నుంచి వల వేసే మనిషికి? సముద్రానికి పట్టా ఎవరిస్తారండీ? ఏ కాగితమూ లేదు కాబట్టి, దీవి చుట్టూ తిరిగి వెళ్ళాల్సిన డీజిల్ ఖర్చు అతనిదే.

డెవలపర్‌ది మొత్తం తప్పని నేననను. ప్రభుత్వం మాట నమ్మి డబ్బు పెట్టాడు, అడిగే హక్కుంది. నేనడిగేది ఒక్కటే. రోల్‌బ్యాక్ లేని పనికి, సంతకానికి ముందే అందరినీ అడగాలి కదా? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మీరేమంటారో కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.