చదివినది చెప్పుట

1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పడవ గ్రంథాలయము కృష్ణా కాలువపై సాగి, పుస్తకములను పల్లెల రేవులకే చేర్చెను. రేవు చేరిన పుస్తకమును చేత బట్టించునది మాత్రము తోడి చదువరి మాటయే. గ్రంథాలయపు పద్దు ఎవరేది కొనిపోయిరో చెప్పును గాని, మొక్కపాటివారి ‘బారిష్టరు పార్వతీశము’ చదివి కడుపుబ్బ నవ్విరో, తెఱువకయే తెచ్చి యిచ్చిరో చెప్పదు. పార్వతీశము సీమప్రయాణమును ఒకరు రచ్చబండపై ముచ్చటించిన, మఱునాడే ఆ పుస్తకమునకు నలుగురు వత్తురు. మొల్ల రామాయణమును ఒక యిల్లాలు పొరుగింట చదివి వినిపించిన, అక్షరములు రానివారికిని అది అందును. చెప్పువారు లేని పుస్తకము చెదలపాలగును. కావున వినోదమునకై చదివినదే యని సంకోచింపక, పుస్తకము తిరిగి యిచ్చునాడు అందలి రుచిని ఒక్క మాటలో అచటివారికి చెప్పుడు. గ్రంథాలయమునకు అదియే నిజమైన చందా.