అక్షరముమీది చిన్న గుర్తు

చార్మినారు నుండి పత్తర్‌ఘట్టీ మీదుగా ఛత్తాబజారు చేరినచో, ముద్రణాలయముల ముంగిట ఉర్దూ శుభలేఖల నమూనాలు కానవచ్చును. ఆ అక్షరముల పైనున్న చిన్న గుర్తులు అలంకారములు కావు. ‘దాల్’ అనగా పప్పు. ఆ మొదటి అక్షరముపై చిన్న ‘తోయ్’ నిలిపినచో ‘డాల్’, అనగా చెట్టుకొమ్మ! అరబ్బీ, పారసీక లిపులలో మన ట, డ ధ్వనులకు అక్షరములు లేవు. పరాయి లిపిని గైకొన్నవారు తమ ధ్వనిని విడువజాలక ఉన్న అక్షరముపైననే గుర్తు నిలిపిరి. పూర్వము కొందరు నాలుగు చుక్కలు పెట్టెడివారు.

హంగేరీవారును లాటిన్ లిపితో ఇట్లే సర్దుకొనిరి. పెదవులు గుండ్రముగా చుట్టి ఎకారమును పలికినచో వచ్చు అచ్చు వారికి కలదు. దాని హ్రస్వమునకు ‘ఓ’ అక్షరముపై రెండు చుక్కలు, దీర్ఘమునకు రెండు వాలుగీతలు. చుక్కలున్న మాటకు ‘ఐదు’ అని అర్థము. గీతలున్నచో ‘అతనిని’ లేక ‘ఆమెను’. మనకు నెల, నేల వేరైనట్లే. గణితవేత్త పాల్ ఎర్డోష్ (1913–1996) పేరులోని ఆ గీతలను పరదేశపు అచ్చుకూటములు తరచు చుక్కలుగా మార్చినవి. మైకు ముందర పేర్లు చదువు మాబోటివారికి అట్టి గుర్తే ఆధారము.

మరి మన సంగతి? చిలుకలోని చకారము వేరు, చాపలోనిది వేరు. రెండవదానికి నిఘంటువులు పైన గుర్తు పెట్టి ‘ౘ’ అని వ్రాయును. 2008లో యూనికోడు కూడ దానికి చోటిచ్చినది. బడి పుస్తకములు మాత్రము ఉపేక్షించినవి. ఇది మాకు సమ్మతము కాదు. తెలుగింటి బిడ్డకు నోటివాడుకయే చాలును. పాతబస్తీలో ఉర్దూ మాటాడు ఇంటినుండి వచ్చి తెలుగు నేర్చు బాలిక పుస్తకములో రెండును ఒకటే ‘చ’.