రైతు సొమ్ము - ఊరి లెక్క
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకొనే మాకు వ్యవసాయం సంగతి ఏమి తెలుసునని మీకు సందేహం రావచ్చును. నిజాం కాలంలో రెవెన్యూ లెక్కలు ఉర్దూలో ఉండేవి. ఆ పాత పహాణీలు చేతబట్టుకొని "సార్, ఇందులో మా తాత పేరున్నదా చూడుండ్రి" అని అన్ని కులాలవారూ మా ఇంటికి వస్తూనే ఉంటారు. ఆ కాగితాలు చదువుతూ చదువుతూ రైతు సొమ్ము సంగతి కూడా మా చెవిన పడింది.

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు ప్రారంభమయింది. ఒక పంటకు ఎకరాకు 4,000 రూపాయలు. ఆ వానాకాలం చెక్కులు ఊళ్లోనే, అందరి ముందర పంచారు. ఎవరికెంత వచ్చిందో అరుగు మీద కూర్చున్న ముసలమ్మకు కూడా తెలిసింది. ప్లాట్లు చేసి అమ్ముకొన్న ఆసామి ఒకరు లేచి చెక్కు అందుకొంటుంటే వెనకనుంచి ఎవరో పకపక నవ్వారు. మేము చూచిన మొదటి తనిఖీ ఆ నవ్వే. యాసంగి నుంచి సొమ్ము బ్యాంకు ఖాతాలకే పోయింది. వరుసలో నిలబడే బాధ తప్పింది, కాదనము. కాని ఊరి కన్ను కూడా తప్పిపోయింది. తరువాత 5,000 అయింది, 2025లో రైతు భరోసా పేరుతో ఏడాదికి 12,000 అన్నారు. గుట్టలకు, లేఔట్లకు కూడా సొమ్ము పోయిందని కొత్త ప్రభుత్వంవారే చెప్పారు. ఊరిని అడిగితే మొదటి రోజే చెప్పేది.

రైతుబంధు పట్టాదారుకే గాని కౌలుదారుకు రాలేదు. ఇక్కడ మన ఇంటి మాట ఒకటి చెప్పాలి. పట్నంలోనో దుబాయిలోనో ఉండి, ఈ సొమ్ము పుచ్చుకొంటూ, కౌలులో ఒక్క రూపాయి తగ్గించనివారు మనలోనే ఉన్నారు. కోపం వచ్చినా సరే, అంటాము.

ఇక ఢిల్లీవారి కిసాన్ సమ్మాన్, ఏడాదికి 6,000. ఆదాయపు పన్ను కట్టేవారికి ఇది చెల్లదు. అయినా 2020 జూలై వరకు 20.48 లక్షలమంది అనర్హులకు 1,364 కోట్లు పోయినవి. ఈ లెక్క 2021లో బయటకు వచ్చింది, అదీ ఒకరు సమాచార హక్కు కింద అడిగితేనే. అటు అట్లా పోతుంటే ఇటు రెండెకరాల మా చిచ్చాకు రెండు వాయిదాలు ఆగిపోయినవి. పాస్‌బుక్కులో 'మహబూబ్', ఆధారులో 'మెహబూబ్'. కార్యాలయానికి పోతే "పైన ఆగింది" అన్నారు. పైన అంటే ఎక్కడో ఆయనకేమి తెలుసు? ఏడు నెలలు తిరిగాడు. చివరికి మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఫోనులో ఊరి జాబితా తీసి చదివితే పేరు తప్పు సంగతి తేలింది.

2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ పొందినవారి వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ఫోనులో ఉంటే ప్రకటించినట్టేనా? చదువురాని రైతుకు అది తాళం వేసిన పెట్టె. ఉపాధి హామీ పనులకు 2006 నుంచి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ చేశారు, మస్టర్లు జనం ముందర బిగ్గరగా చదివారు. రైతు సొమ్ముకూ అట్లాగే చదవాలి. ఒకరి సొమ్ము లెక్క మరొకరికెందుకు, గుట్టు కదా అనేవారున్నారు. ఖాతా నంబరు, ఆధారు నంబరు మేమడగడం లేదు. పేరు, ఎకరాలు, ముట్టిన సొమ్ము, ఈ మూడు చాలు.

వచ్చే వాయిదా పడిన వారం మా పిల్లలు నలుగురు జాబితా తెలుగులో, ఉర్దూలో రాసి చదువుతారు. స్థలం సంఘంవారు చూపాలి. పేరు తప్పున్నవారు పాస్‌బుక్కు, ఆధారు, పాత పహాణీ ఉంటే అదీ తీసుకొని సాయంత్రం నాలుగు దాటాక మా బడికి రండి. దరఖాస్తు మేము రాసిపెడతాము. మండల కార్యాలయంలో సమాచార హక్కు రుసుము 5 రూపాయలు, గ్రామస్థాయిలో అదీ లేదు. చిచ్చాకు ఒక వాయిదా వచ్చింది, రెండవదాని కోసం ఇంకా తిరుగుతున్నాడు.