గోడలోని తీగెలు, మేడమీది పాఠములు

గవర్నరుపేటలో మేము అద్దెకున్న యిల్లు రెండంతస్తులది. క్రిందిభాగము పాతకాలపు ఇటుకకట్టుబడి. గోడలు మూరెడు మందము. మేడ తరువాత కొన్నియేండ్లకు లేపినది. ఇంటర్నెట్టు కేబులు వీధిస్తంభమునుండి వచ్చి మా ముందుగదిలో దిగినది. రౌటరు అచ్చటనే యున్నది. మేడమీద వెనుకగదిలో మా మేనకోడలు సాయంకాలము ఆరున్నర మొదలు ఎనిమిదిన్నర వరకు కంప్యూటరు ముందు కూర్చుండి, దూరప్రాంతముల పిల్లలకు లెక్కలు చెప్పును. ఆమెకు జీవనాధార మదియే. వైఫై ఆ గదిదాక పోదు. గోడలొకవంక, స్లాబొకవంక, నడుమ మా అత్తవారిచ్చిన ఇనుపబీరువా యొకవంక. గోడలు తొలిచి క్రొత్తకేబులు లాగుదమన్నచో, మేకు కొట్టుటకైనను ఇంటివారు సమ్మతింపరు.

ఇట్టి యిండ్లకు ఉపాయముగా పవర్‌లైను ఎడాప్టరులను చిన్నపెట్టెల జత దొరకుచున్నది. ఒక పెట్టెను గోడలోని ప్లగ్గున పెట్టి రౌటరుకు కలుపవలెను. రెండవదానిని పైగదిలోని ప్లగ్గున పెట్టి కంప్యూటరునకు కలుపవలెను. గోడలోపలి కరెంటు తీగెయే నడుమ వంతెన. మన యిండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులది. సెకనునకు 50 ఆవృత్తులు గలది. ఈ పెట్టెలు అదే తీగెమీద సెకనునకు సుమారు 20 లక్షలు మొదలు 2 కోట్ల 80 లక్షల ఆవృత్తుల వరకు గల బలహీనతరంగముల నెక్కించును. క్రొత్తరకములు ఇంకను పైకి పోవును. మన కృష్ణకాలువలు పొలములకు నీరిచ్చుచునే పూర్వము పడవలను మోసినట్లు, ఒక్క తీగె రెండుపనులు చేయునన్నమాట.

ఈ యూహ క్రొత్తది కాదు. అమెరికా సైన్యములోని జార్జి ఓవెన్ స్క్వైరు అను నాతడు తీగెలవెంబడి రేడియోతరంగములను పంపు విధానమును 1910 ప్రాంతముననే కనుగొనెను. 1922లో ఏర్పడిన వైర్డ్ రేడియో అను సంస్థ, న్యూయార్కులోని స్టాటన్ ఐలండున దీపములతీగెలపై సంగీతమును ఇండ్లకు పంపజూచెను. రేడియోసెట్లు చవుకయగుటచే ఆ ప్రయత్నము సాగలేదు. ఇప్పటి కంప్యూటరుపెట్టెల ప్రమాణము ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 2010లో ప్రకటించినది. దాని సంఖ్య 1901. అది సంవత్సరమని భ్రమపడవలదు. మరియొక భ్రమయు కలదు. మన రాష్ట్రమున 2017 డిసెంబరులో రాష్ట్రపతి జాతికంకితము చేసిన ఫైబరునెట్టు కూడ ఇట్టిదేయని కొంద రనుకొందురు. అది కరెంటుస్తంభమును ఆశ్రయించునే గాని కరెంటుతీగెను వాడుకొనదు.

ఇక మా కథ. పెట్టెల జతను తెచ్చి, ఒకటి రౌటరు ప్రక్కను, ఒకటి మేడమీదను పెట్టితిని. కరెంటుదీపము వెలిగినది గాని, కలిసినట్లు చూపు రెండవదీపము వెలుగలేదు. వెంటనే ఇంటర్నెట్టు కంపెనీకి ఫోనుచేసి కోపపడితిని. పాపము, వారి తప్పేమియు లేదు. పని చేయవలసిన తీరు వేరు. మొదట రెండుపెట్టెలను ఒకేగదిలో ప్రక్కప్రక్కనున్న ప్లగ్గులలో పెట్టి చూడవలెను. అచ్చట కలిసినచో పెట్టెలు మంచివి. దోషము దారిలో నున్నది. నేనట్లు చేయగా అవి నిమిషములోపలనే కలిసినవి.

దారిలో మొదటిదోషము నేను పెట్టినదే. రౌటరు ప్రక్కనున్న పెట్టెను గోడప్లగ్గునకు గాక, పొడుగుతీగెగల స్పైకుగార్డు పలకకు తగిలించితిని. ఉరుముమెరుపులనుండి సామానులను కాపాడుటకని ఆ పలకలోపల కూర్చినది ఈ తరంగములను గూడ మ్రింగివేయును. పెట్టెను నేరుగా గోడకే పెట్టవలెను.

అట్లు పెట్టినను మేడమీద కలియలేదు. అప్పుడు మా మేనకోడలు, "మామయ్యా, మొన్న వేసవిలో ఒక ఫేజు పోయినప్పుడు మీ ముందుగది చీకటిగా ఉంది, నా గదిలో ఫ్యాను తిరిగింది, గుర్తుందా?" అనినది. ఆ మాటతో నాకు కన్నులు తెరువబడినవి. మా మీటరు మూడు ఫేజులది. ముందుగది ఒక ఫేజుమీద, మేడ మరియొక ఫేజుమీద నున్నవి. ఆ రెండుతీగెలు ట్రాన్సుఫార్మరు దాక ఎచ్చటను కలియవు. ప్రక్కప్రక్కను సాగుటచే తరంగము కొంత ఒకదానినుండి యొకదానికి దుముకవచ్చును. అందుచేతనే కొందరి యిండ్లలో ఒకప్పుడు పనిచేసి యొకప్పుడు చేయదు. ఆ చీకటిరాత్రి వంటింటిలో ఫ్రిజ్జు ఆడుచుండెనని నాకును జ్ఞప్తికి వచ్చెను. అనగా వంటిల్లును మేడయు ఒకే ఫేజు కావచ్చును. రౌటరునుండి గుమ్మముల అంచువెంబడి పొడుగుకేబులు పరచి, క్రిందిపెట్టెను వంటింటిప్లగ్గులో పెట్టితిని. రెండవదీపము వెలిగినది. ఫేజు పోవుదాక వేచియుండనక్కరలేదు. మెయినుపలకలోని స్విచ్చీల నొక్కొక్కటిగా దింపి, ఏగది ఆరునో కాగితముపై వ్రాసికొన్న చాలును. పలకమూత మాత్రము విప్పవలదు. మన యుక్కపోతకు పాతప్లగ్గులలోని కీళ్ళు చిలుమెక్కి వదులగును. ప్లగ్గు వెచ్చబడినను, కమురుకంపు కొట్టినను, ఇంటర్నెట్టు మాట యటుంచి కరెంటుపనివానిని పిలువవలెను.

పగలంతయు చక్కగా నడచినది. సాయంకాలము ఏడు కొట్టుసరికి "మామయ్యా, మళ్ళీ పోయింది" అని మేడమీదనుండి కేక. మరునాడును అదేవేళ. వారము దినము లిట్లు జరుగగా, ఇద్దరు పిల్లల తలిదండ్రులు పాఠము మానిపించిరి. మా మేనకోడలు నన్నేమియు ననలేదు. అదియే నాకు కష్టముగా నుండెను.

వేళ తప్పక వచ్చు దోషమునకు వేళ తప్పక వెలుగు వస్తువే కారణమై యుండవలెను. చవుక చార్జర్లు, ఎల్‌ఇడి బల్బులు, ఫ్యాను రెగ్యులేటర్లు, ఇన్వర్టరు, మిక్సీ — ఇవన్నియు తీగెలోనికి గోల వదలునవే. వీనిలో దొంగ యెవ్వరు? ఇచ్చట నాకు సాయపడినది మా పాత ట్రాన్సిస్టరు. రెండు ఎడాప్టరులను ఊడదీసి (అవియు గోలచేయును గనుక), ట్రాన్సిస్టరును మీడియంవేవున స్టేషను లేనిచోట నిలిపి, ఇల్లంతయు త్రిప్పితిని. ఎఫ్‌ఎం మాత్రమే గల సెట్టు ఈ పనికి సరిపడదు. ఫ్రిజ్జువద్ద సన్నని గురగుర, చార్జరువద్ద కొంచెము హెచ్చు. మేడమెట్లవద్దకు పోవుసరికి తుమ్మెదలగుంపు ముసిరినట్లు మ్రోత. పైన బల్బు. సంజవేళ దీపము పెట్టవలెనని ఏడుగంటలకు దానిని వెలిగించువాడను నేనే. నెలక్రింద బేరమాడి సగముధరకు తెచ్చినవాడనును నేనే. స్విచ్చి తీయగానే మ్రోత యాగినది. మంచిబల్బు వేయగా, ఏడుగంటల తరువాత 4 మెగాబిట్టులకు పడిపోవుచుండిన వేగము 38 దగ్గర నిలిచినది.

పెట్టెమీద 500 అని ముద్రించియున్నదే యని మీరడుగవచ్చును. ఆ యంకె తీగెపైని ముడివేగము. అందులో మనకు దక్కునది కొంతయే. కొన్నిరకములలో కేబులు దూర్చు ద్వారమే 100కు మించనీయదు. కేబులు లాగుటకు వీలున్నవారు కేబులే లాగుకొనుడు. ఇది వీలులేనివారి దారి. కరెంటు పోయినప్పుడు రెండుపెట్టెలకును ఇన్వర్టరు అందినగాని పాఠము సాగదు. మాకు మేడమీద ఆ వసతి యింకను లేదు. మరియు తరంగము మీటరువద్ద ఆగునని నమ్మకుడు, ప్రక్కవాటాకును పోవచ్చును. రెండుపెట్టెల మీటలను రెండునిమిషముల వ్యవధిలో నొక్కినచో అవి తమలో తాము రహస్యసంకేతము నేర్పరచుకొనును. ఈ పని తెచ్చిననాడే చేయవలెను. నేను మూడువారములకు చేసితిని.

మానిన పిల్లలలో నొకడు తిరిగి వచ్చెను. రెండవవారు వేరొక మాష్టరును చూచుకొనిరట. నాకు మిగిలిన చిక్కొకటి. ఈ పెట్టెలు నడచు తరంగములును షార్టువేవు తరంగములును చాలవరకొక్కటే యగుటచే, పాఠము జరుగునంతసేపు నా ట్రాన్సిస్టరున షార్టువేవు టకటక తప్ప మరేమియు వినబడదు. ఎనిమిదిన్నరకు మా మేనకోడలు మెట్లు దిగి, "అయిపోయింది మామయ్యా, తీసేసుకోండి" అనును. అప్పుడు నేను వంటింటిలోనికి పోయి పెట్టెను ఊడదీయుదును.