బాగుచేయడమా? కొత్తది కొనడమా?
ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం



హోసూరులో మాది మూడు తరాల వడ్రంగం షెడ్డు. నాన్నగారు కొన్న బ్యాండ్ సా, ప్లేనరు రెండేళ్ల క్రితం ఒకేసారి మొరాయించాయి. రెండూ కొత్తవి కొంటే మా అమ్మాయి పాలిటెక్నిక్ చివరి ఏడాది ఫీజు డబ్బు అందులో పోతుంది. ఆ సంగతి తెలిసి అమ్మాయే, "ముందు కొలిచి చూద్దాం నాన్నా" అంది.

బ్యాండ్ సా ఒళ్లు పోత ఇనుము. కరెంటు తీసి, బ్లేడు విప్పి, చక్రాలను సుత్తితో మెల్లగా తట్టాం. ఖంగుమని మోగాయి. పగులుంటే బొంగురు చప్పుడు వస్తుంది. అటువంటి చక్రానికి వెల్డింగు పెట్టి తిప్పడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఇరుసు వంకర పోలేదు. చెడినవి బేరింగులు, చక్రాలమీది రబ్బరు, బెల్టు మాత్రమే. బేరింగు మీద 6205 అని అంకె ఉంటే లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ చేసినా అదే కొలత. కనుక మిషను చేసినవారు మూతవేసినా బేరింగు బజారులో దొరుకుతుంది. మొత్తం ఖర్చు కొత్తదాని ధరలో నాలుగో వంతు కాలేదు.

ప్లేనరు సంగతి వేరు. బల్ల చదునుగానే ఉంది. కానీ కట్టర్ బ్లాకు నాలుగు పలకలది. అది తిరిగేటప్పుడు బల్ల అంచు దగ్గర సందు ఎక్కువ. చెయ్యి జారితే వేళ్లను లోపలికి లాగేస్తుంది. గుండ్రటి బ్లాకుకు ఆ సందు తక్కువ. చేత్తో చెక్క తోసే ప్లేనర్లకు గుండ్రటి బ్లాకే ఉండాలని బ్రిటన్‌లో 1922లోనే నిబంధన పెట్టారు. మా మిషనులో బేరింగు గూళ్లు కూడా అరిగిపోయాయి. అన్నీ మార్చితే కొత్తదాని ధరకు దగ్గరపడింది. షెడ్డు పొదుపుతో, గార్డు ఉన్న కొత్త ప్లేనరు కొన్నాం. ఫీజు డబ్బు ముట్టుకోలేదు.

పాత ప్లేనరును ఒకాయన మంచి ధరకు అడిగారు. తూకానికి వేస్తే అందులో సగం కూడా రాదు. "మన వేళ్లకు పనికిరానిది ఆయన వేళ్లకు ఎలా పనికొస్తుంది?" అంది అమ్మాయి. తూకానికే వేశాం.

తల్లిదండ్రులకు నా మనవి. మిషను ఒళ్లు గట్టిగా ఉందా? చెడిన భాగాలు తక్కువ ఖర్చుతో దొరుకుతాయా? బాగుచేశాక మనిషికి అపాయం లేకుండా నడుస్తుందా? ఈ మూడూ అడగండి. మూడోదానికి కాదని జవాబొస్తే మొదటి రెండూ లెక్కలోకి రావు.

విద్యార్థులారా! మీ ఇంట్లో కుట్టుమిషనో, మోటారు పంపో, ఆటోనో ఉంటుంది. తరగతిలో నేర్చిన కొలతలు దానిమీద పట్టి చూడండి. అమ్మానాన్నలు అప్పు చేయకముందే వారికి ఆ లెక్క చెప్పండి.